పావురాల కథలో ఎలుక పళ్లు

మొన్న మా పాపకి బొమ్మల పుస్తకం కొన్నాను. పావురాలు, వల, ఎలుక. ఎనిమిది పేజీలు. వల పడింది, ఎగిరాయి, ఎలుక కొరికింది, ఐకమత్యమే మహాబలం, అయిపోయింది. ఒళ్లు మండి అటక మీద నుంచి చిన్నయసూరి నీతిచంద్రిక దించాను. 1853 నాటి రచన. బడిలో మాకది కథే కాదు, సంధులు విడదీసే సరుకు. అరసున్న ఎక్కడ పోయిందోనన్న టెన్షన్‌లో ఎలుక పేరు హిరణ్యకుడని తప్ప ఇంకేమీ బుర్రకెక్కలేదు.

నలభై దాటాక అందులో ఈ కథ ఉన్న 'మిత్రలాభం' భాగం చదివితే వేరే పుస్తకంలా ఉంది.

నూకల కోసం దిగొద్దని పావురాల రాజు చిత్రగ్రీవుడు మొత్తుకుంటాడు. ఒక పావురం పెద్ద లెక్చరిచ్చి అందర్నీ దింపుతుంది. వల్లో పడ్డాక అందరూ దాని మీద విరుచుకుపడతారు. అప్పుడు రాజు "నే చెప్పలా?" అనడు. తిట్టుకునే సమయం కాదు, బయటపడే దారి చూడండంటాడు. ప్రాజెక్టు తగలబడితే చాలు, "నేను ముందే మెయిల్ పెట్టా" అని స్క్రీన్‌షాట్లు తీసే చోట పనిచేస్తున్నాను. నేనూ తీశాను, ఎందుకు దాచడం.

తర్వాత ఎలుక. పావురాలు వలతో సహా తన దగ్గరికి ఎగిరొస్తే, స్నేహితుడు చిత్రగ్రీవుడి కట్లు ముందు కొరకబోతుంది. కాదు, ముందు నా వాళ్లవి అంటాడు రాజు. నా పళ్లు అంత గట్టివి కావయ్యా, అవి ఉండగానే ముందు నీవి తెంపనీ అంటుంది ఎలుక. ఎంత న్యాయమైన మాట! సాయం చేసేవాడి ఓపికకీ హద్దు ఉంటుందని ఏ నీతివాక్యంలో రాశారు?

ఇదంతా చూసిన కాకి వచ్చి స్నేహం చేద్దామంటే హిరణ్యకుడు కన్నంలోంచే కుదరదంటాడు. నువ్వు తినేవాడివి, నేను తిండిని, మనకి స్నేహమేంటి అని. కాకి బతిమాలుతుంది, వాదిస్తుంది, చాలాసేపటికి గానీ ఎలుక బయటికి రాదు. బొమ్మల పుస్తకంలో ఈ ముక్కే లేదు. కాకీ ఎలుకా పుట్టుకతోనే ఫ్రెండ్స్! పిల్లలకి అనుమానం అర్థం కాదనుకున్నారేమో. తెలియనివాళ్లకి తలుపు తీయొద్దని రోజూ చెప్పేది ఆ పిల్లలకే కదా.

తర్వాత ఎలుక తన పాత కథ చెప్పుకుంటుంది. ఒక సన్యాసి చిలక్కొయ్యకి, అంటే గోడకున్న కొయ్యకి, తగిలించిన అన్నం దాకా ఎగిరిన ఆ ఎలుకే, కన్నంలో దాచుకున్నదంతా ఆ సన్యాసి తవ్వి పట్టుకుపోయాక ఎగరలేక పడిపోతుంది. ఉద్యోగం పోయిన ఆరునెలలు నాకు గుర్తొచ్చి పుస్తకం కాసేపు మూసేశాను.

రాత్రి పాపకి నా మాటల్లో కథంతా చెప్పాను. చిత్రగ్రీవుడి ధర్మసందేహం దానికి పట్టలేదు. "నాన్నా, మరి ఎలుక పళ్లు విరిగాయా?" అంది.

విరగలేదమ్మా. అందరి కట్లూ తెంపింది.