ఫ్లోరిడా చాడ్ గారికి బహిరంగ లేఖ

ఓటు వేయడానికి రంధ్రం పొడిచే పంచ్ కార్డు నుంచి పూర్తిగా ఊడిరాని కాగితపు తునక శ్రీ చాడ్ గారికి నమస్కరించి వ్రాయునది.

2000 నవంబరు 7 వరకు మీరు ఎవరికీ పట్టని చెత్త. ఓటరు పొడవగానే రాలిపోవడమే మీకున్న ఏకైక ఉద్యోగం. ఆ ఒక్క పనీ సరిగ్గా చేయకపోవడంతో, ఫ్లోరిడా రాష్ట్ర ఫలితం మీదే ఆధారపడ్డ ఎన్నికలో రిపబ్లికన్ బుష్, డెమోక్రాట్ గోర్‌లలో అమెరికా అధ్యక్షుడెవరో తేలక దేశమంతా అయిదు వారాలు మీ ముఖం చూస్తూ కూర్చుంది. ఒక మూల పట్టుకుని ఉంటే మీరు వేలాడే చాడ్, రెండు మూలలైతే ఊగే తలుపు, ఊడకుండా ఉబ్బితే గర్భిణి చాడ్. అధికారులు భూతద్దాలు పట్టుకుని మీలో వెతికింది ఓటరు మనసునని లోకం నమ్మింది.

అయ్యా, మిమ్మల్ని నిజంగా చూసినవారు ఎందరు? దాదాపు 60 లక్షల ఓట్లలో బుష్ ఆధిక్యం 537 అని నవంబరు 26న ధ్రువీకరించిన రాష్ట్ర కార్యదర్శి కేథరిన్ హ్యారిస్, ఫ్లోరిడాలో బుష్ ప్రచారానికి సహాధ్యక్షురాలు కూడా. గవర్నరు స్వయానా అభ్యర్థి తమ్ముడు. ప్రతి ఓటూ లెక్కించాలని ఎలుగెత్తిన గోర్ పక్షమైనా చేతితో తిరిగి లెక్కించమని మొదట కోరింది నాలుగే కౌంటీలలో. అవి తమకు అనుకూలమైనవి కావడం కాకతాళీయమని తమరు నమ్మితే నాకు అభ్యంతరం లేదు.

న్యాయస్థానాల సంగతి తీరిగ్గా చెప్పుకోవలసినది. డెమోక్రాట్ గవర్నర్లు నియమించిన న్యాయమూర్తులతో నిండిన ఫ్లోరిడా సుప్రీంకోర్టు, యంత్రానికి అందని ఓట్లను రాష్ట్రమంతటా చేతితో లెక్కించమని డిసెంబరు 8న 4-3 తేడాతో ఆదేశించింది. మర్నాడే అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ లెక్కింపుపై స్టే ఇచ్చింది. చెల్లుబాటుపై అనుమానమున్న ఓట్లను లెక్కిస్తే బుష్ గారి ఎన్నికపై నీడ పడుతుందని న్యాయమూర్తి స్కాలియా వివరించారు; లెక్కించకపోతే పడే నీడ బహుశా చల్లగా ఉంటుంది కాబోలు. మూడు రోజుల తరువాత, డిసెంబరు 12 రాత్రి పది గంటల వేళ, మళ్లీ 5-4 తేడాతో తీర్పు వెలువడింది. లెక్కింపు ప్రమాణాలు ఒక్కోచోట ఒక్కోలా ఉండటం సమానత్వ హక్కుకు విరుద్ధమట, వాటిని సరిదిద్దడానికేమో గడువు నేటితో సరియట. గడియారాన్ని చేతిలో పట్టుకుని కూర్చున్నవారే ఆలస్యమైందని ఆవులించడం చూసి మీరు మరో మూల ఊడిపోయి ఉంటారు. పైగా ఈ తర్కం ప్రస్తుత పరిస్థితులకే పరిమితమని ధర్మాసనం ముందుజాగ్రత్తగా రాసుకుంది. ఒక్కసారి వాడి పారేసే వస్తువుగా మీకు, ఆ తీర్పుకు ఎంత పోలిక!

రిపబ్లికన్ల ఆధిపత్యంలోని ఫ్లోరిడా శాసనసభ అంతకన్నా చురుకైనది. ప్రత్యేక సమావేశం పెట్టుకుని, తీర్పు రాకముందే అదే 12వ తేదీన బుష్ ఎలక్టర్లను (రాష్ట్రం తరఫున అధ్యక్షుణ్ణి లాంఛనంగా ఎన్నుకునేవారిని) తామే నియమిస్తూ దిగువ సభ అయిన ప్రతినిధుల సభ 79-41తో తీర్మానించింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! గర్భిణి చాడ్‌ను ఇంకా పరీక్షిస్తుండగానే బారసాల ముగించిన ఘనత వారిది. తీర్పు వచ్చాక ఎగువ సభ అయిన రాష్ట్ర సెనేటుకు ఆ శ్రమ తప్పింది.

మరుసటి రోజు గోర్ ఓటమిని అంగీకరించారు. 2001 జనవరి 6న ఉపాధ్యక్ష హోదాలో ఎలక్టర్ల ఓట్ల లెక్కింపునకు ఆయనే అధ్యక్షత వహించి, తన కోసం సొంత పార్టీ ప్రతినిధులు లేవనెత్తిన అభ్యంతరాలను తప్పనిసరైన సెనేటరు సంతకం లేదన్న కారణంతో తానే తోసిపుచ్చారు.

ఇక బాధ్యుల విషయం. 2002లో హ్యారిస్ గారు, ఫ్లోరిడా ప్రతినిధుల సభ స్పీకరు టామ్ ఫీనీ గారు అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. గవర్నరు గారు మళ్లీ గవర్నరయ్యారు. 2001లో ఫ్లోరిడా చేసిన ఎన్నికల సంస్కరణ చట్టం మాత్రం పంచ్ కార్డులను నిషేధించి, తమరిని ఒక్కరినే రాష్ట్రం నుంచి బహిష్కరించింది.

ఇట్లు,
తమ శ్రేయోభిలాషి