ముందే చెప్పి ఇచ్చే స్టిక్కర్
ప్రతి మంచి పనికీ స్టిక్కర్ ఇస్తే పిల్లల్లో ఉత్సాహం నిలుస్తుందని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోలేను. 1973లో మనస్తత్వవేత్త మార్క్ లెప్పర్ బృందం నర్సరీ పిల్లలతో స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయించి చూసింది. బహుమతి ఇస్తామని ముందే చెప్పి వేయించిన పిల్లలు, తర్వాత ఆ స్కెచ్ పెన్నులతో మిగతావాళ్లలో సగం సేపే ఆడుకున్నారు. అనుకోకుండా బహుమతి అందుకున్నవాళ్ల ఇష్టం మాత్రం తగ్గలేదు. నేను పాఠాలు చెప్పే రెండో తరగతిలోనూ ఇదే చూశాను. కథ చదవమంటే చాలు, "ఎన్ని స్టార్లు టీచర్?" అనేవాళ్లు. స్టార్లు ఆపేసి, ముందు చెప్పకుండా, ఒక్కోరోజు ఒకరిని పిలిచి మర్నాటి కథ ఎంచుకోమన్నాను. మొదటి వారం గోల చేశారు, నిజమే. ఎప్పుడూ నోరు విప్పని ఒక పాప మాత్రం అట్ట చిరిగిన పుస్తకం తెచ్చి, "నేనే చదివి వినిపిస్తా" అంది.