గోడ మీది డబుల్ బ్యారల్ దొరగారికి

మహారాజశ్రీ పన్నెండు బోర్ డబుల్ బ్యారల్ తుపాకి దొరగారి సముఖానికి,

నల్లగొండ జిల్లాలోని మా ఊళ్ళో, మాజీ పటేల్ ఇంటి పెద్దగదిలో, వాళ్ళ నాయన ఫొటోకూ ఆగిపోయిన గడియారానికీ మధ్య మేకుకు వేలాడుతున్న మీకు, అదే ఊళ్ళో పంతులుగా చేసి రిటైరైన నేను రాసుకునేది. ‘నీ బాంచన్ కాల్మొక్త’ అనడం మా తాతతోనే ఆగిపోయింది కాబట్టి ఉత్త నమస్కారంతో సరిపెడుతున్నాను. మీ లైసెన్సు రెన్యువల్ ఫారాలు ఇన్నేళ్ళుగా నింపిపెడుతున్న చనువుతో ఈ నాలుగు ముక్కలు.

మొన్న దసరాకు డల్లాస్ నుంచి మా మేనబావ వచ్చాడు. జమ్మి పెట్టడానికి ఇద్దరం పటేల్ ఇంటికి వెళ్ళాం. మీరు ఆయుధపూజ చేయించుకుని, రెండు గొట్టాలకూ పసుపు, మధ్యలో కుంకుమబొట్టు, మెడలో బంతిపూల దండతో పెళ్ళికొడుకులా ఉన్నారు. మా బావ చేతులు జోడించాడు. యాదగిరిగుట్టలో కూడా ఆయన అంత సేపు కళ్ళు మూసుకోవడం నేను చూడలేదు.

“బావా, స్వేచ్ఛ అంటే ఇది. ఇంటికొకటి ఉంటే ఏ సర్కారైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుంటది. మన దగ్గర లైసెన్సుల పేరు చెప్పి జనం చేతులు కట్టేసిన్రు” అన్నాడు.

అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్. ఇన్నాళ్ళూ నా స్వేచ్ఛకు కాపలా కాస్తున్నది మీరని తెలియక, మీ కిందే కూర్చుని చాయ్ తాగి, మూతి తుడుచుకుని వచ్చేశానే! అందుకే మీ సర్వీసు రికార్డు ఒకసారి తిరగేశాను.

నాకు తెలిసి మీరు పేలింది ఒక్క రాత్రే. పల్లి చేను మీద అడవి పందులు పడుతున్నాయని పటేల్ మిమ్మల్ని భుజాన వేసుకుని మంచె ఎక్కాడు. రెండు గొట్టాలూ మోగాయి. పందులు ఇంకో నాలుగు సాళ్ళు తీరిగ్గా తవ్వుకుతిని వెళ్ళాయి. తెల్లారి చూస్తే పక్క చేను రైతు స్టార్టర్ డబ్బాకు చిల్లులు. మూడు రోజులు ఆయన బోరు నడవలేదు. పెద్దమనుషుల్లో పెట్టి డబ్బా ఖరీదు, ఎండిన మడికి నష్టం కక్కించేదాకా ఆయన పటేల్‌ను వదల్లేదు. తర్వాత పటేల్ కూడా అందరిలాగే చేను చుట్టూ పాత చీరలు కట్టాడు. పందులకు మీకంటే పూల చీరలంటేనే భయం.

ఇంకొకటి కూడా రికార్డులో ఉంది, నవ్వడానికి వీల్లేనిది. పత్తి మొత్తం పోయిన ఏడాది పటేల్ అన్నం మానేసి ఆ గదిలోనే పడుకునేవాడు. కోడలు ఎవరికీ చెప్పకుండా తూటాల డబ్బా తీసి బీరువాలో చీరల కింద పెట్టి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. ఇప్పటికీ అది ఆమె దగ్గరే ఉంటుంది. మా బావ దేశంలో ఏటా తుపాకితో పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఆ లెక్క ఆమె ఎక్కడా చదవలేదు. సర్కారు సంగతి తర్వాత, ఇంట్లో మనిషిని మీ నుంచి ఎలా కాపాడుకోవాలో ఆమె చూసుకుంది.

ఇక మీ ఉద్యోగం షరతులు. సర్కారు మీద కన్నేసి ఉంచాల్సిన మీకు పర్మిషన్ ఇచ్చేది సర్కారే. 1959 ఆయుధ చట్టం కింద మీ లైసెన్సు మొన్నటిదాకా మూడేళ్ళకోసారి, 2019 సవరణ తర్వాత అయిదేళ్ళకోసారి రెన్యువల్ కావాలి. పోలీసుల విచారణ కావాలి, డాక్టరు కాగితం కావాలి. అంటే ఎవరి మీద తిరగబడాలో వాళ్ళ ఆఫీసు ముందే జిరాక్సులు పట్టుకుని నిలబడాలి. దొంగను పట్టడానికి దొంగనే చిట్టీ రాసిమ్మన్నట్టు.

ఎన్నికలొస్తే మరీ ఘోరం. కోడ్ పడగానే లైసెన్సు తుపాకులను స్టేషన్‌లో అప్పగించమంటారు. 2023లో కూడా పటేల్ మిమ్మల్ని తువ్వాలలో చుట్టి, పసిపిల్లాడిలా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో తీసుకెళ్ళాడు. తోడు నేనే. కానిస్టేబుల్ మీ మెడకు పురికొస కట్టి, అట్టముక్క తగిలించి, రిజిస్టర్‌లో రాసుకుని రసీదు ఇచ్చాడు. నవంబరు 30న జనం క్యూలు కట్టి తమకున్న స్వేచ్ఛ ఏదో వాడుకుంటుంటే, దాని కాపలాదారులైన మీరు స్టేషన్ మూలన, పట్టుబడిన సైకిళ్ళ పక్కన ఉన్నారు. క్యూలో మా ముందు నిలబడ్డ ముసలమ్మ పటేల్‌ను అడిగింది: “తుపాకి ఇచ్చొస్తివంట గదా, కాగితం రాసిచ్చిన్రా పటేలా? పైలం, పోగొట్టకు.” వాళ్ళ అత్త ఇదే పటేల్ తాత గడపలో వెట్టి చేసిన మనిషి.

ఇవన్నీ చెబితే మా బావ వింటాడా? గాంధీని తెచ్చాడు. బ్రిటిష్ వాళ్ళు చేసిన పాపాలన్నింటిలోకీ 1878 ఆయుధ చట్టమే నల్లనిదని ఆయన అన్న మాట ఫోన్లో చూపించాడు. అన్న మాట నిజమే. ఎప్పుడన్నాడు? 1918లో, ఖేడా జిల్లాలో బ్రిటిష్ సైన్యంలో చేరమని జనానికి పంచిన కరపత్రంలో. ఆయుధం పట్టడం నేర్చుకోవాలంటే ఇదే అదను, ఫౌజులో చేరండని. ఆ ముక్క మా బావ ఫోన్లో కనబడలేదు. అయినా మనది నిజాం రాజ్యం. వైస్రాయ్ లిట్టన్ దొర తెచ్చిన ఆ చట్టం మన గడపలోకి రానే లేదు.

తర్వాత ఆయుధాలు పట్టే హక్కు గురించి చెప్పే అమెరికా రాజ్యాంగం రెండో సవరణ. 1791 నాటిది. అది చెప్పింది మిలీషియా, అంటే పౌరసైన్యం గురించా, మనిషి సొంత హక్కు గురించా అని వాదించుకుని వాదించుకుని 2008లో గానీ వాళ్ళ సుప్రీంకోర్టు సొంత హక్కేనని తేల్చలేదు. 2017 అంచనా ప్రకారం అక్కడి జనం చేతుల్లో దాదాపు 39 కోట్ల తుపాకులు, మనుషులు అంతకంటే తక్కువ. సరే, అవి ఎవరి స్వేచ్ఛకు అడ్డం నిలబడ్డాయి? 1942లో సుమారు 1.2 లక్షల మంది జపాన్ సంతతివాళ్ళను, అందులో మూడింట రెండొంతులు ఆ దేశ పౌరులే, ఇళ్ళలోంచి లేపి శిబిరాల్లో పెట్టారు. పక్కింటి తుపాకి ఒక్కటైనా మేకు దిగలేదు. 1967లో కాలిఫోర్నియాలో నల్లవాళ్ళు, బ్లాక్ పాంథర్లనే సంఘంవాళ్ళు, చట్టం ఒప్పుకున్నట్టే తుపాకులు బాహాటంగా పట్టుకు తిరిగితే, గవర్నర్ రీగన్ గుళ్ళు నింపిన తుపాకి అలా పట్టుకు తిరగొద్దనే చట్టం మీద సంతకం పెట్టాడు. దొర చేతిలో ఉంటే హక్కు, పాలేరు చేతిలో ఉంటే శాంతిభద్రతల సమస్య. ఇది మాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు.

చివరికి మా బావ అసలు ముక్క దించాడు. “సాయుధ పోరాటం చేసిన నల్లగొండోడివై ఉండి నువ్వేనా ఈ మాటలు?”

దొరగారూ, దీనికి మాత్రం తాపీగా జవాబు చెప్పాలి.

1946 జులై 4. కడవెండి, అప్పట్లో నల్లగొండ జిల్లానే. కర్రలు, వడిసెలలు పట్టుకుని ఊరేగింపుగా వస్తున్న జనం మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య పడిపోయాడు. ఆ గుండు నిజాం ఫౌజుది కాదు. మా బావ కావాలంటున్న ప్రైవేటు తుపాకిదే. అది మా జిల్లాలో దండిగానే ఉండేది, గడీల్లో. మీ చుట్టాలే. ఆ తర్వాత రజాకార్లు వచ్చారు. ఆ మాటకు అర్థం స్వచ్ఛంద సేవకులని. వాళ్ళూ సర్కారు జీతగాళ్ళు కాదు, తుపాకి పట్టిన మామూలు జనమే. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న భైరాన్‌పల్లిలో ఊరివాళ్ళు బురుజెక్కి ఎదురు కాల్పులతో రజాకార్లను నిలువరించారు కూడా. 1948 ఆగస్టు 27న రజాకార్ల వెంట నిజాం ఫౌజు ఫిరంగితో వచ్చింది. బురుజు ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూడొచ్చు.

తుపాకి పనికి రాలేదని నేననను. అలా అంటే మా ఊరి స్తూపం మీది పేర్లు నన్ను నిలదీస్తాయి. గడీల నుంచీ ఠాణాల నుంచీ లాక్కున్న తుపాకులు లేకపోతే చాలా ఊళ్ళలో వెట్టి అంత త్వరగా పోయేది కాదు. కానీ అవి మీలా ఒకరింటి గోడకు వేలాడలేదు. ఎవరి సొంతమూ కాదు, దళానివి. దాన్ని మోసినవాడికి చీకట్లో సంగటి పెట్టిన ఇల్లు, కబురు చేరేసిన పశులకాపరి పిల్లగాడు, కారంపొడి పట్టుకుని దారికడ్డం నిలబడ్డ ఆడవాళ్ళు, వీళ్ళను తీసేస్తే అది ఇనుము. సంఘం, అదే ఆంధ్ర మహాసభ, లేనినాడు గడీలో ఎన్ని తుపాకులున్నా మాకేం ఒరిగింది? మా తాత వాటికి నూనె రాసేవాడు, అంతే.

పోలీసు చర్య తర్వాత ఎదురుగా యూనియన్ సైన్యం. ఇక తుపాకులు దించుదామన్నవాళ్ళలో రావి నారాయణరెడ్డి ఒకరు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. 1952లో, కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంటే పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్) పేరుతో ఆయన నల్లగొండలో నిలబడ్డారు. నెహ్రూకంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఆ ఓట్లు వేసినవాళ్ళలో మా తాత ఉన్నాడు. చీటీ డబ్బాలో వేసి వచ్చి, దొర ఎదురైతే చెప్పులు విడవకుండా నడిచాడట. కాళ్ళు వణికాయనీ చెప్పేవాడు.

మా బావ ఏమీ అనలేదు. ఫ్లైటుకు టైమవుతుందన్నాడు, ఇంకా నాలుగు రోజులుంది.

ఆ మర్నాడే కోతలు కోసి నవ్వించే వేషగాడు పిట్టలదొర వచ్చాడు. ఖాకీ నిక్కరు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. సరాసరి పటేల్ అరుగు ముందు నిలబడి, తలుపులోంచి మిమ్మల్ని చూసి సెల్యూట్ కొట్టాడు. “ఏం పటేలా, నీ తుపాకి ఎన్నడన్నా పేలిందా? నాది చూడు, పొద్దున ఒక్క దెబ్బకు ఢిల్లీ సర్కారు, మాపటికి నీ గడీ రెండూ కూలినయ్. లైసెన్సా? చెదపురుగే నా కలెక్టరు, ఏడాదికోపారి వచ్చి తనిఖీ జేస్తది!” అరుగంతా నవ్వు. నవ్వి నవ్వి పటేల్‌కు పొలమారింది. కళ్ళు తుడుచుకుంటూ కోడలితో బియ్యం పోయించాడు. మా బావ అదంతా వీడియో తీసుకున్నాడు.

సెలవు.

ఇట్లు,
మీ ఫారం నింపే పంతులు

తా.క.: పూజప్పుడు తుడుస్తూ గమనించాను, మీ ఎడమ గొట్టంలో కుమ్మరి పురుగు మట్టి గూడు కట్టింది. పొడిచి తీసేద్దామని పటేల్ అంటే కోడలు వద్దంది. రెన్యువల్ ఫారంలో దాన్ని ఏ గడిలో రాయాలో చూస్తున్నాను.