బరువు కొండకి, చాకిరీ గుర్రానికి

మహారాజశ్రీ హేటార్ రాతి పట్టాల వారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇంగ్లండులో డెవన్ కౌంటీ, డార్ట్‌మూర్ బీళ్ళలో తమరింకా గడ్డి మధ్య చెక్కుచెదరకుండా పడి ఉన్నారని తెలిసి సంతోషం. ఊరంతా ఇనుప పట్టాల వెంట పడుతుంటే, 1820లో క్వారీ యజమాని జార్జ్ టెంప్లర్ దొరగారు తమర్ని గ్రానైట్‌తోనే చెక్కించారు. రాయి మొయ్యడానికి రాయే! చక్రం పక్కకి జారకుండా అంచు కూడా రాతిలోనే. దారి చీలే చోటా రాయే. ఇనుము కొనాలంటే డబ్బులు తియ్యాలి, రాయి సొంత క్వారీలోనే ఉండె.

సరే, అసలు సంగతికి వస్తాను. లోకం తమర్ని గుర్రపు ట్రామ్‌వే, అంటే గుర్రాలు బండ్లు లాగే పట్టాల దారి, అంటుంది. తమరూ కాదనలేదు. కానీ క్వారీ నుంచి స్టోవర్ కాలువ దాకా సుమారు 10 మైళ్ళు, దాదాపు 1,300 అడుగుల దిగుడు. పన్నెండేసి బండ్లు రాళ్ళేసుకుని ఆ వాలుకి వాటంతటవే దొర్లుకుంటూ పోయేవి. భూమ్యాకర్షణ జీతం అడగదు, దాణా తినదు. మరి పద్దెనిమిది గుర్రాలు దేనికయ్యా అంటే, ఖాళీ బండ్లని మళ్ళీ కొండెక్కించడానికి! రాయి దింపే పని కొండకి, వట్టి బండ్లు ఈడ్చే చాకిరీ గుర్రాలకి. (మా ఆఫీసుల్లోనూ పని ఇలాగే పంచుతారు. తమరి దగ్గరే నేర్చుకున్నారేమో.)

రాయి జాతకం మాత్రం ఏం జాతకమండీ! కాలువలో పడవెక్కింది, సముద్రంలో ఓడెక్కింది, 1831లో తెరిచిన లండన్ వంతెనలో కూర్చుంది. 1968లో ఆ వంతెనని రాబర్ట్ మెకలక్ అనే అమెరికన్ 24,60,000 డాలర్లకి కొని, పైరాళ్ళు విప్పించి, ఎరిజోనా ఎడారిలో కొత్త వంతెనకి తొడిగించుకున్నాడు. గుర్రాల ప్రయాణం మాత్రం కాలువ గట్టు నుంచి క్వారీ దాకానే.

పక్క కౌంటీ కార్న్‌వాల్ రాయి చవగ్గా దొరకడంతో 1858 కల్లా తమరి బేరం మూతపడింది. ఇనుప పట్టాలైతే ఏ పాతసామాన్ల వాడో ఊడబెరుక్కుపోయేవాడు. తమర్ని ఎవడు మోస్తాడు? అలా బతికి, ఇప్పుడు చారిత్రక కట్టడం హోదాలో ఎండ కాగుతున్నారు.

కాబట్టి నా మనవి ఇది. పేరులోంచి గుర్రాన్ని తీసేసి "వాలు ట్రామ్‌వే" అని పెట్టుకోండి. అది కుదరదంటే, పద్దెనిమిది గుర్రాల దాణా బాకీ డాలర్లలో లెక్కగట్టి, బిల్లు ఎరిజోనాకి పంపండి. వడ్డీతో సహా.

ఇట్లు,
గుర్రాల తరఫున వకాల్తా పుచ్చుకున్నవాడు