మత్తయి 24: ఆ హెచ్చరిక మొదట విన్నది ఎవరు?

మత్తయి సువార్త 24వ అధ్యాయంలో ఒక చిన్న మాట ఉంది. మీరు పారిపోవడం చలికాలంలో గానీ విశ్రాంతి దినాన గానీ జరగకూడదని ప్రార్థించండి అంటాడు యేసు. ఈ అధ్యాయం లోకాంతం గురించేనంటూ చిన్నప్పటి నుంచి ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్కలేదు. యుద్ధాలు, కరువులు, భూకంపాలు అన్నీ విడమరిచి చెప్పేవారు. చలికాలం దగ్గర మాత్రం ఎవరూ ఆగేవారు కాదు. లోకమే అంతమైపోతుంటే ఎండాకాలమైతే ఏమిటి, చలికాలమైతే ఏమిటి? అసలు ఎక్కడికని పారిపోతాం?

అదే మాట యూదయలో పిల్లల్ని చంకనేసుకుని కొండలెక్కాల్సిన వాళ్లకు చెప్పిందనుకోండి, ప్రతి అక్షరానికీ అర్థం కుదురుతుంది. అక్కడ వానలు పడేది చలికాలంలోనే, వాగులు పొంగేదీ అప్పుడే. విశ్రాంతి దినాన దూరం నడవకూడదన్న కట్టుబాటు ఉండేది. మేడ మీద ఉన్నవాడు సామాను కోసం ఇంట్లోకి దిగొద్దని కూడా అక్కడే ఉంది. తుపాను హెచ్చరిక ఎలా ఉంటుందో అలా ఉన్నాయి ఆ మాటలు. వినగానే లేచి కదలాల్సిన వాళ్లు ఎదురుగా కూర్చున్నారు. 'ఈ తరము గతింపదు' అని వాళ్లతోనే అన్నాడు.

ఇలా చదివే పద్ధతిని ప్రెటరిజం అంటారు. అంత్యదినాల ప్రవచనాల్లో చాలా భాగం, కొందరి లెక్కలో మొత్తం, మొదటి శతాబ్దంలోనే నెరవేరిందని దాని సారాంశం. ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. ప్రకటన గ్రంథంలో ఎక్కువ భాగాన్ని ఇలా వివరిస్తూ స్పెయిన్ జెసూట్ పండితుడు లూయిస్ డి అల్కాజార్ రాసిన పుస్తకం 1614లోనే అచ్చయింది. మన తెలుగు సంఘాల్లో గోడకు పటం తగిలించి చెప్పే వరుస ఉందే, ఎత్తబడుట (విశ్వాసులు ఆకాశానికి కొనిపోబడటం), ఏడేళ్ల శ్రమలు, క్రీస్తు విరోధి, అది స్థిరపడింది 19వ శతాబ్దంలో, జాన్ నెల్సన్ డార్బీ బోధతో. 1909లో వివరణలతో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు దాన్ని ఊరూరా చేర్చింది.

ఆ నెరవేర్పు యెరూషలేము నాశనమేనని వీళ్లు అంటారు. అక్కడ ఏం జరిగిందో చూద్దాం. క్రీ.శ. 66లో యూదులు రోమా మీద తిరగబడ్డారు. ఆ ఏడాది చివర్లో సిరియా నుంచి రోమా అధికారి సెస్టియస్ గాలస్ సైన్యంతో వచ్చి నగరాన్ని ముట్టడించి, ఎందుకో వెనుదిరిగాడు. యెరూషలేమును దండ్లు చుట్టుముట్టినప్పుడు పారిపొమ్మని లూకా సువార్త చెబుతుంది. పారిపోవడానికి సందు దొరికింది అప్పుడే. క్రైస్తవులు యొర్దాను అవతల పెల్లా పట్టణానికి వెళ్లిపోయారని నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియస్ రాశాడు. దీన్ని అనుమానించే పండితులూ ఉన్నారు.

70లో పస్కా రోజుల్లో రోమా సేనాని టైటస్ వచ్చాడు. పండక్కి వచ్చిన జనంతో నగరం కిటకిటలాడుతోంది. ఐదు నెలలు ముట్టడి. లోపల సొంతవాళ్లే మూడు ముఠాలుగా చీలి కొట్టుకుని ధాన్యం కొట్లు తగలబెట్టుకున్నారు. ఆకలి తట్టుకోలేక ఒక తల్లి సొంత బిడ్డనే చంపి వండుకుందని ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. చనిపోయినవాళ్లు 11 లక్షలన్న ఆయన లెక్క మరీ ఎక్కువని ఇప్పటి చరిత్రకారులు అంటారు గానీ, ఆ తల్లి కథ చదివాక అంకెల మీదికి మనసు పోదు. ఆగస్టులో దేవాలయం తగలబడింది. రోమా సైనికులు కిందికి తోసేసిన రాళ్లు దేవాలయ ప్రాంగణం నైరుతి మూలన, ఆనాటి వీధి మీద, పడినచోటే ఇప్పటికీ ఉన్నాయి. రాళ్ల బరువుకు వీధిలో పరిచిన బండలు కుంగిపోయాయి.

మరి మత్తయి 24లోనే ఉన్న సూర్యుడు నల్లబడటం, మనుష్యకుమారుడు మేఘాల మీద రావడం సంగతేమిటి? అందరూ అడిగే ప్రశ్నే. జవాబు పాత నిబంధనలో ఉంది. బబులోను పతనాన్ని చెబుతూ యెషయా సూర్యచంద్రులు వెలుగివ్వవని అన్నాడు. యెహోవా వేగమైన మేఘమెక్కి ఐగుప్తుకు వస్తున్నాడన్నాడు. అప్పుడు ఆకాశంలో మేఘం మీద ఎవరూ కనబడలేదు, ఒక రాజ్యం కూలింది. యేసు శిష్యులు చిన్నప్పటి నుంచి విన్న భాష అది.

ప్రకటన గ్రంథంలో మృగం సంఖ్యగా చెప్పిన 666 సంగతీ అంతే. 2020, 21లలో టీకా వేయించుకుంటే మృగ ముద్రేనని వాట్సాప్‌లో తిరిగిన వీడియోలు చూసి ఎంతమంది టెన్షన్ పడ్డారో గుర్తుంది. హీబ్రూలో అక్షరాలకు విలువలుంటాయి. 'నెరోన్ కేసర్', అంటే రోమా చక్రవర్తి నీరో పేరు, రాసి కూడితే 50, 200, 6, 50, 100, 60, 200. మొత్తం 666. లాటిన్ పద్ధతిలో 'నెరో' అంటే చివరి 50 పోయి 616 అవుతుంది. ఈజిప్టులోని ఆక్సిరింకస్‌లో దొరికిన ప్రకటన గ్రంథం పాత ప్రతి ఒకదానిలో సరిగ్గా 616 అనే ఉంది. అయితే రెండో శతాబ్దపు క్రైస్తవ బిషప్ ఇరేనియస్ ఈ సంఖ్యకు వేరే పేర్లు ఊహించాడే తప్ప నీరో పేరు ఎత్తలేదు. పైగా ప్రకటన గ్రంథం నీరో చచ్చిన చాలా ఏళ్లకు, డొమిషియన్ చక్రవర్తి కాలంలో వచ్చిందని అన్నాడు. కాబట్టి తేలిపోయిందని అనను. టీకా కన్నా నీరో వెయ్యి రెట్లు దగ్గరగా ఉన్నాడని మాత్రం అంటాను.

ఈ చదువులో నాకు భయం వేసే చోటు ఒకటి ఉంది. 70లో జరిగింది యూదులకు తగిన శాస్తి అని శతాబ్దాల తరబడి క్రైస్తవులే బోధించారు. ఆ బోధ యూదుల ఇళ్ల మీదికి ఎన్నిసార్లు మూకల్ని ఉసిగొల్పిందో యూరప్ చరిత్ర చెబుతుంది. లూకా 19లో యేసు ఆ నగరాన్ని చూసి ఏడ్చాడు. ఆ ఏడుపు లేకుండా ఈ ప్రవచనం నెరవేరిందని ప్రసంగించే హక్కు ఎవరికీ లేదు.

ఇక అన్నీ 70లోనే అయిపోయాయి, పునరుత్థానం (చనిపోయినవాళ్లు తిరిగి లేవడం) కూడా అయిపోయింది అనేవాళ్లతో నేను నడవలేను. పునరుత్థానం గతించిందని బోధించిన హుమెనైయు, ఫిలేతులను రెండో తిమోతి పత్రిక పేరుపెట్టి తప్పుపట్టింది. ఏటా నవంబరు 2న మా ఊరి సమాధుల తోటలో సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. చలిలో ఒక్కో సమాధి దగ్గర ఒక్కో కుటుంబం నిలబడి పాడుతుంది. వాళ్లు ఎదురుచూస్తున్నది రోమా సైన్యంతో పాటు వచ్చి వెళ్లిపోయిందని నేను ఆ తోటలో నిలబడి చెప్పలేను.