పొట్టలో నీరు: తీసి పారేస్తే సరిపోదు

నడివయసు దాటిన ఆడవాళ్లు పొట్ట ఉబ్బరంగా ఉందంటే ములుగు, భూపాలపల్లి వైపు ఊళ్లలో ముందు దొరికేది గ్యాస్ గోలీ. తగ్గకపోతే ఆర్ఎంపీ సెలైన్. పొట్ట బాగా ముందుకొచ్చాక హన్మకొండలో ఏదో నర్సింగ్ హోమ్‌లో సూది గుచ్చి నీరు తీయిస్తారు. లేత పసుపు నీరు బాటిల్‌లోకి దిగుతుంటే మనిషికి ఊపిరాడుతుంది, నాలుగు ముద్దలు తినబుద్ధవుతుంది. సంతోషంగా ఇంటికి తీసుకుపోతారు. అది అండాశయ క్యాన్సర్ వల్ల చేరిన నీరేమో, ల్యాబ్‌కు పంపారా అని అడిగే అలవాటు మాత్రం మనకు లేదు.

క్యాన్సర్ కణితి (ట్యూమర్) రక్తనాళాల మీద జరిగిన పరిశోధనలో ఒక పెద్ద మలుపు అలాంటి నీటిలోనే ఉంది. కొత్త రక్తనాళాలు పుట్టించుకోకపోతే కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి పెరగలేదని అమెరికా సర్జన్ జూడా ఫోక్‌మన్ 1971లో చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. 1983లో హెరాల్డ్ డ్వోరాక్ బృందం గినీ పందుల పొట్టలో, కణితి వల్ల చేరిన నీటిని పరీక్షించి, రక్తనాళాలు కారేలా చేసే ఒక ప్రొటీన్‌ను పట్టుకుంది. 1989లో నెపోలియోన్ ఫెరారా వేరుచేసిన, రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రొటీన్, ఇదీ ఒకటేనని తర్వాత తేలింది. అండాశయ క్యాన్సర్‌లో పొట్ట నిండా నీరు చేరడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

ఐఐటీ కాన్పూర్‌లో చదివి హార్వర్డ్‌లో స్థిరపడ్డ రాకేశ్ జైన్ 2001లో ఇంకో మెలిక చెప్పారు. కణితి నాళాలు అతుకు సరిగ్గా పడని పైపుల్లాంటివి, వంకరటింకరగా ఉండి కారుతుంటాయి. వీఈజీఎఫ్‌ను తగు మోతాదులో అడ్డుకుంటే అవి కొంతకాలం చక్కబడి, కీమో మందు లోపలిదాకా చేరుతుందన్నది ఆయన వాదన. కణితికి రక్తం బంద్ చేసి మాడ్చడమే మార్గమనుకున్నవాళ్లకు ఇది తలకిందుల మాటే.

మరి మందు ఎంత చేసింది? వీఈజీఎఫ్‌ను అడ్డుకునే బెవాసిజుమాబ్‌ను కీమోతో కలిపి, ఆ తర్వాత కూడా కొనసాగిస్తే జబ్బు ముదరకుండా ఉండే కాలం 10.3 నెలల నుంచి 14.1 నెలలకు పెరిగిందని అండాశయ క్యాన్సర్ రోగుల మీద జరిగి 2011లో వచ్చిన పెద్ద ట్రయల్ చూపింది. మొత్తం ఆయుష్షులో పెద్ద తేడా రాలేదు. ఈ క్యాన్సర్‌కు ముందుగా ఇచ్చే ప్లాటినం కీమో మందులకు జబ్బు లొంగని దశలో నీరు మళ్లీ మళ్లీ తీయాల్సిన బాధ బాగా తగ్గింది. నా లెక్కలో ఇది చిన్న సంగతి కాదు. కానీ ‘క్యాన్సర్‌కు చెక్’ అని హెడ్డింగులు పెట్టడం మోసమే.

నీరు చేరేసరికి జబ్బు చాలావరకు మూడో దశకు చేరే ఉంటుంది. అందుకే అక్కడి నుంచి ఒక్క నెల కూడా వృథా కాకూడదు. తీసిన నీటిలో క్యాన్సర్ కణాలున్నాయా అని చూడటం మామూలు ల్యాబ్ పని. మన దగ్గర ఇంకో చిక్కు టీబీ. పొట్ట టీబీలోనూ నీరు చేరుతుంది, అండాశయ క్యాన్సర్ అనుమానంతో రక్తంలో చూసే సీఏ-125 అనే ప్రొటీన్ పెరుగుతుంది. ముక్క పరీక్ష (బయాప్సీ) చేయకుండా టీబీ మందులు మొదలుపెడితే, అసలు జబ్బు క్యాన్సర్ అయినప్పుడు నెలలు గడిచిపోతాయి. రిపోర్టులో సీఏ-125 ఎక్కువుందని క్యాన్సర్ ఖాయమనుకుని ఇంట్లో టెన్షన్ పడటమూ అంతే తప్పు.

గర్భసంచి ఆపరేషన్లలో దేశంలోనే ముందున్న రాష్ట్రాలు మనవి. ‘నాకు గర్భసంచే లేదు, ఇంకేం క్యాన్సర్’ అనే ధీమా అక్కడి నుంచి వచ్చిందే. అండాశయాలు మిగిలే ఉన్నాయో లేదో చాలామందికి ఎవరూ చెప్పనే లేదు.

అలాగని ఊరూరా సీఏ-125 క్యాంపులు పెట్టడమూ పరిష్కారం కాదు. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా మహిళలను ఏళ్ల తరబడి పరిశీలించినా లక్షణాలు లేనివాళ్లకు ముందే చేసే ఈ పరీక్షల (స్క్రీనింగ్) వల్ల మరణాలు తగ్గలేదని 2021లో తేలింది. రోజుల తరబడి ఉబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండటం, మాటిమాటికీ మూత్రం ఉన్నవాళ్లకు వెంటనే స్కానింగ్ రాసిస్తే చాలు.

ఇక మందు సంగతి. పెద్ద ఆపరేషన్‌కు హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి పోవాల్సి వచ్చినా, మూడు వారాలకోసారి ఎక్కించే బెవాసిజుమాబ్ కోసం ప్రతిసారీ కాజీపేటలో రైలెక్కించడం ఎందుకు? డోసుకు ముందు చూడాల్సింది ముఖ్యంగా బీపీ, మూత్రంలో ప్రొటీన్. అరుదుగానైనా పేగుకు రంధ్రం పడే ముప్పుంది కనుక సర్జన్ దగ్గర్లో ఉండాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సర్జరీ విభాగం ఎలాగూ ఉంది.