లెక్కల పుస్తకం కోర్టుకెక్కితే

పాతకాలంలో ఊరి కరణం దగ్గర ఒక పుస్తకం ఉండేది. ఫలానా సర్వే నంబరు ఫలానా వాళ్లదని అందులో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆ పొలం ఆయనది కాదు, నాగలి పట్టిందీ లేదు, అయినా ఊరంతా ఆయన అరుగు దగ్గరికే వచ్చేది. ఇంటర్నెట్‌లో ఏ నంబరు ఎవరిదో రాసిపెట్టే ఇలాంటి కరణాలు ఐదుగురున్నారు, రిజిస్ట్రీలంటారు. వాళ్లలో మారిషస్‌లో ఉండి ఆఫ్రికా లెక్కలు రాసే ఆఫ్రినిక్ ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగి, 2025 సెప్టెంబరులో గానీ మళ్లీ ఒక పాలకవర్గాన్ని ఎన్నుకోలేకపోయింది. ఎక్కడో మారిషస్‌లో గొడవ మనకెందుకు అనుకుంటే పొరపాటే.

నెట్‌లో కనబడాలంటే ఒక నంబరు కావాలి, ఐపీ అడ్రసంటారు. పాత పద్ధతి ఐపీవీ4లో అలాంటివి మొత్తం 429 కోట్లే. మొదట్లో ఇవి ఎప్పటికైనా అయిపోతాయని ఎవరూ అనుకోలేదు కాబట్టి అమెరికాలో ఎంఐటీ అనే ఒక్క విద్యాసంస్థకే కోటీ 67 లక్షలు ఇచ్చేశారు. 2011 ఫిబ్రవరి 3న ఉమ్మడి గాదె ఖాళీ అయింది, చివరి ఐదు పెద్ద బ్లాకులను ఐదు రిజిస్ట్రీలకు తలా ఒకటి పంచారు. మన వాటా చూసే ఏపీనిక్ (ఆఫీసు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో) అందరికన్నా ముందు అడుగంటింది, అదే ఏడాది ఏప్రిల్ 15కల్లా. అప్పట్నుంచి రేషన్ షాపు లెక్కే: ఎంత పెద్ద కంపెనీ అయినా ఆ చివరి బ్లాకులోంచి 1024 మాత్రమే, 2019 నుంచి అదీ 512. మన చిన్న ఆపరేటర్ల నంబర్లు చాలావాటికి ముందు 103 ఉంటుంది కదా, ఆ చివరి బ్లాకు అదే.

మండల కేంద్రంలో రెండు మూడు వేల కనెక్షన్లున్న కేబుల్ ఆయనకు 512 ఏ మూలకు? ఒక్కో నంబరు వెనక నాలుగైదు ఇళ్లను సర్దుతాడు. ఓటీపీ మోసం కేసులో పోలీసులు ఐపీ నంబరు పట్టుకుని వస్తే, ఆ నిమిషంలో ఏ పోర్టు (ఒకే నంబరు పంచుకునేవాళ్లను వేరుచేసే ఉపనంబరు) మీద ఎవరున్నారో లాగ్‌లో, అంటే రికార్డులో, లేకపోతే ఆయనకూ టెన్షనే, వాళ్లకూ టెన్షనే. అయినా ఆ రేషన్ సరైనదేనని మా అభిప్రాయం. అది లేకపోతే డబ్బున్నవాడు మొత్తం ఊడ్చుకుపోయేవాడు, నిన్నమొన్న వ్యాపారం మొదలుపెట్టినవాడికి ఒక్కటీ మిగిలేది కాదు.

కరువొచ్చాక ధర రాకుండా ఉంటుందా? దివాలా తీసిన కెనడా టెలికాం కంపెనీ నోర్టెల్ 2011లో 6.66 లక్షల నంబర్లను మైక్రోసాఫ్ట్‌కు 75 లక్షల డాలర్లకు అమ్మింది. ఎంఐటీ తన వాటాలో పెద్ద భాగాన్ని 2017లో అమెజాన్‌కు ఇచ్చింది. ఆ అమెజాన్ 2024 ఫిబ్రవరి నుంచి తన క్లౌడ్‌లో వాడే ప్రతి నంబరుకూ గంటకు అర సెంటు వసూలు చేస్తోంది, ఏడాదికి దాదాపు 44 డాలర్లు.

ఆఫ్రికాలో నిల్వ ఇంకా మిగిలి ఉండటమే అసలు తంటా తెచ్చింది. సీషెల్స్‌లో నమోదైన క్లౌడ్ ఇన్నొవేషన్ అనే కంపెనీ 2013-16 మధ్య సుమారు 62 లక్షల నంబర్లు తీసుకుంది. అవి ఎక్కువగా ఖండం బయటివాళ్ల వాడకానికి పోతున్నాయి, అడిగిన అవసరం వేరు, చేస్తున్నది వేరు, వెనక్కి తీసుకుంటామంది రిజిస్ట్రీ. బయట వాడకూడదని ఒప్పందంలో ఎక్కడుంది అంది కంపెనీ. 2021 జులైలో కోర్టు ఆదేశంతో ఆఫ్రినిక్ బ్యాంకు ఖాతాలు స్తంభించాయి, తర్వాత పాలకవర్గానికి కోరం (నిర్ణయాలకు కావాల్సిన కనీస సభ్యులు) పోయింది, 2023లో కోర్టు నియమించిన నిర్వాహకుడు, అంటే రిసీవర్, వచ్చాడు, 2025 జూన్ ఎన్నిక రద్దయింది.

కోర్టుకు వెళ్లే హక్కు కంపెనీకి ఉంది, అందులో మాకు పేచీ లేదు. కానీ ఒక సభ్యుడి తగాదాతో ఖండం మొత్తం లెక్కల పుస్తకం ఆగిపోయే ప్రమాదం వచ్చిందంటే ఆ పుస్తకాన్ని కట్టిన తీరులోనే లోపముంది. పైగా ఆఫ్రినిక్ ఏమన్నా కడిగిన ముత్యమా? సొంత ఉద్యోగి హస్తంతోనే లక్షల నంబర్లు పక్కదారి పట్టాయని 2019లో బయటపడింది. పొలం ఒకరిది, పాస్‌బుక్కు ఇంకొకరిది అయితే ఏమవుతుందో మనవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇచ్చేటప్పుడే షరతులు అనుమానానికి తావులేకుండా రాయాలి, ఇచ్చాక కూడా అప్పుడప్పుడు వెళ్లి చూడాలి. తన ఇంటి లెక్కను ఏటా బయటివాళ్లతో తనిఖీ చేయించుకోని రిజిస్ట్రీకి వేరేవాళ్లను నిలదీసే నోరు ఉండదు.

ఇదంతా ప్రభుత్వాలకు అప్పగిస్తే పోలా అనేవాళ్లున్నారు. మేం ఒప్పుకోం. ఈ పుస్తకానికి బలం చట్టం నుంచి వచ్చింది కాదు, ప్రపంచంలో నెట్‌వర్కులు నడిపేవాళ్లంతా ఒకే పుస్తకాన్ని నమ్మడం వల్ల వచ్చింది. దేశానికో పుస్తకం తెరిస్తే ఒకే నంబరు నాదంటే నాదని ఇద్దరు లేస్తారు, దారిలో డేటా ఎటు పోవాలో తెలియక నిలబడుతుంది.

అసలు ఈ కరువు తీరే దారి కొత్త పద్ధతి ఐపీవీ6, అందులో నంబర్లకు కొదవే లేదు. ఏపీనిక్ కొలతల్లో మన దేశంలో దాని వాడకం 70 శాతం దాటింది, ఆ ఘనత ఎక్కువగా మొబైల్ కంపెనీలది. కానీ అవతలి సైటు పాత నంబరు మీదే కూర్చుంటే ఫోను కూడా పాత దారికి రావాల్సిందే, అందుకే 103ల కోసం ఇంకా క్యూ. ప్రభుత్వ సైట్లకు గడువులు పెట్టడం, మళ్లీ పొడిగించడం చూస్తూనే ఉన్నాం. ఈసారి గడువు బదులు టెండర్లో ఒక్క షరతు పెట్టి చూడండి: ఐపీవీ6 మీద తెరుచుకోని సైటుకు చివరి బిల్లు చెల్లించేది లేదని.